వారముల నుండి వాటాల దాక



మా మాస్టారి పేర జరుగు ఈ యేటి స్మారకోపన్యాసము నన్ను చేయుమని శిష్యబృందమువారు అడిగినప్పుడు, మాస్టారికి ప్రాణప్రదమైన గణితమును గూర్చియో, వారు సాయంకాలములందు మాచే వల్లె వేయించిన ఛందస్సును గూర్చియో మాట్లాడవలెనని మొదట తలచితిని. కాని, బందరులో వారి వీధియరుగును ఆనుకొని యుండిన చిన్నగదిలో మూడేండ్లు తలదాచుకొన్నవాడను గనుక, వారిని స్మరించినప్పుడెల్ల నాకు ముందుగా ఆ గదియే కన్నులకు కట్టును. అందుచేత నేడు గదిని గూర్చియే మాట్లాడెదను. పొట్ట చేతబట్టుకొని మహానగరములకు వచ్చుచున్న మన యువతీయువకులు రాత్రి నడుము వాల్చుటకు చెల్లించుచున్న మూల్యమే నా ఉపన్యాస విషయము.

మా గది పొడవు పదియడుగులు, వెడల్పు ఏడడుగులు. అందు ముగ్గురము. ఒక నులకమంచము, రెండు చాపలు, గోడకు ఒక దీపపుగూడు. మంచముపై పరుండు వంతు నెలకొకరిది; పరీక్ష దగ్గరపడిన వానికి మాత్రము వంతుతో పని లేకుండ మంచము దక్కెడిది. మాస్టారు జమాఖర్చులలో అతి నిక్కచ్చియైన మనిషి. వారి పద్దుల పుస్తకమును ఈ మధ్య వారి కుమారులు నాకు చూపిరి. కిరసనాయిలు, పెసరపప్పు, చాకలిపద్దు, గుడికి కొబ్బరికాయ, అన్నియు తేదీలతో సహా ఉన్నవి. మా గది పేర జమవైపున ఆ మూడేండ్లకును కలిపి కనబడిన పద్దు ఒక్కటే: ‘గది బాపతు, ఆవకాయ జాడీ 1.’ అది వేసవిసెలవులు గడిపి వచ్చుచు మా అమ్మ పంపగా నేను తెచ్చినది.

ఇట్టి ఔదార్యము వారికెట్లు అలవడినదని విచారించిన, అది వారికి పుట్టుకతో వచ్చిన గుణమని చెప్పి ఊరకుండుట వారిని పొగడుటయే గాని అర్థము చేసికొనుట కానేరదు. మాస్టారు వారములు చేసికొని చదువుకొన్నవారు. ఈ సభలోని చిన్నవారికి ఆ మాట తెలియకపోవచ్చును. పల్లె నుండి చదువునకై పట్టణము చేరిన పేదపిల్లవాడు, ఆదివారమొక యింట, సోమవారమొక యింట, ఇట్లు వారమునకు ఏడిండ్లు కుదుర్చుకొని, ఆ యా గృహిణులు పెట్టిన యన్నము తిని, ఏ దేవాలయ మంటపమునందో, ఏ వకీలుగారి వసారాలోనో నిద్రించి, చదువును గట్టెక్కించుకొనెడివాడు. ఒక బాలుని పోషణభారము ఏడు సంసారముల మీద పడినందున ఏ సంసారమునకును అది బరువు కాలేదు. వచ్చిన పిల్లవాడు ఏనాటికి ఏమగునో యెవరికిని తెలియదు. ఐనను, చదువుకొన వచ్చినవానికి పట్టెడన్నము పెట్టుట ఊరి విధి యను భావము ఒకటి ఆనాడు గృహస్థుల మనస్సులలో స్థిరపడి యుండెను.

ఇంతమాత్రముచే ఆ కాలమును స్వర్ణయుగమని కీర్తించుటకు నాకు నోరు రాదు. వంటయింటి గుమ్మము కడ నిలువబడి ‘అమ్మా, వారానికి వచ్చాను’ అని ప్రతిదినము పలుకవలసి వచ్చుటలోని చిన్నతనమును మాస్టారు డెబ్బదియేండ్ల వయస్సునను మరువలేదు. మంగళవారపు ఇంటివారు పొరుగూరికి పోయిన, ఆ మంగళవారము పస్తే. అంతకంటె ఘోరమైన లోప మింకొకటి: ఆ యేడిండ్ల తలుపులును పిల్లవాని కులము నడిగి మరి తెరచుకొనెడివి. ఆ ధర్మచ్ఛాయ సోకని బిడ్డలు, చదువు వాకిలి దాకనైన రాలేక వెనుదిరిగిన బిడ్డలు, ఎందరో లెక్కకు రారు.

కాలక్రమమున ఈ వ్యవస్థయే వసతిగృహముగ పరిణమించెను. ఈ హైదరాబాదు నగరమున 1918వ సంవత్సరమున రెడ్డి హాస్టలు వెలసినది. దానికి మూలపురుషులైన వెంకటరామారెడ్డిగారు పిదప నగర కొత్వాలుగ ప్రసిద్ధికెక్కిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు ఆ సంస్థ నిర్వహణలో పాలుపంచుకొనిరి. ఇతర వర్గములవారును తమ తమ పిల్లలకై వసతిగృహములను నెలకొల్పుకొనిరి. ఒక్కొక్క ఇల్లాలి దయపై నాధారపడిన అన్నము సంఘము యొక్క నిర్వహణలోనికి వచ్చుట గొప్ప ముందడుగు. కాని ఆ సంఘము చాలచోట్ల కులసంఘమగుట పాతలోపము క్రొత్తభవనములోనికి మారుట.

ఇది చదువుల కొరకు వచ్చినవారి కథ. కాయకష్టము నమ్ముకొని వచ్చినవారి కథ వేరు. తెలంగాణము నుండి బొంబాయికి వలసపోయి ఆ మహానగర నిర్మాణమున చెమటోడ్చిన కామాఠీల పేరనే అచ్చటి కామాఠీపుర మేర్పడినది. మన పద్మశాలీలు అచ్చటి బట్టల మిల్లులలో మగ్గములు నడిపిరి. ఆ మిల్లుల చుట్టును లేచిన చాళ్ళలో ఒక్క గదికి పదిమంది చేరి, రాత్రిపాళీకి పోవువాడు విడిచిన చాపమీద పగటిపాళీ ముగించి వచ్చినవాడు పరుండగా, ఇరుగుపొరుగు స్త్రీలు నడిపిన ఖానావళులలో నెల లెక్కకు భోజనము చేయుచు, మిగిలిన రూకలను ఇంటికి మనియార్డరు చేసిరి. ఒక పడకను ఇద్దరు కాలమును విభజించి వాడుకొనుట ఇప్పటివారు కనిపెట్టిన విద్య కాదు.

ఇక నేటి కాలమునకు వత్తము. 1998వ సంవత్సరము నవంబరులో మాదాపూరు రాళ్ళగుట్టల నడుమ సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు, దానిని చూడబోయినవారిలో నేనును ఒకడను. గత మాఘమాసమున మా తమ్ముని మనుమని చూచుటకు మరల ఆ ప్రాంతమునకు పోయితిని. గుట్టల జాడ లేదు. ఇరుకైన సందులో ఐదంతస్తుల భవనము, దాని నొసట ‘లగ్జరీ మెన్స్ హాస్టల్’ అని ఫలకము, మెట్లనిండ చెప్పులు. పిల్లవాని గది మా బందరు గదికంటె రెండడుగులు పెద్దదేమో. మూడు ఇనుపమంచములు, మనిషికొక బీరువా అర, మంచము క్రింద సూట్‌కేసు, కిటికీ చువ్వలకు ఆరవేసిన తువ్వాళ్ళు. ఆ కిటికీకి మూరెడు దూరమున ప్రక్క హాస్టలువారి కిటికీ. గోడమీద ఇస్త్రీమడత చెడకుండ తగిలించిన చొక్కా ఒక్కటే ఆ గదిలో విశాలముగ కాళ్ళు చాపుకొన్న వస్తువు.

“ఇది త్రీ షేరింగ్ తాతయ్యా. ఫోర్ షేరింగైతే ఇంకో వెయ్యి తగ్గుద్ది. కానీ అక్కడ పైన ఫ్యాన్ మంచానికి అందదు,” అని పిల్లవాడు నాకు గృహవర్ణనము చేసెను. మాటలలో నొకసారియైనను ‘నా గది’ యనలేదు, ‘నా బెడ్డు’ అనియే యనెను. మా చిన్నతనమున పట్టణములలో ఇల్లు అద్దెకు దొరకెడిది, ఇల్లు భరింపలేనివారు అందులో ఒక వాటా తీసికొనెడివారు, తరువాత గది, ఇప్పుడు మంచము. ఆ పాత ‘వాటా’ యే ఆంగ్లవేషము ధరించి ‘షేరింగ్’ అయినది. అంకె పెరిగినకొలది మనిషి భాగము తరుగును.

వాని జీతము చేతికి వచ్చునది ఇరువదియెనిమిదివేలు. అందు హాస్టలుకు తొమ్మిదివేలు, చదువుకై తెచ్చిన బ్యాంకు అప్పు వాయిదాకు ఆరువేలు, ఇంటికి ఎనిమిదివేలు, బస్సులకు, ఫోనుకు రెండువేలు. మిగిలినది మూడువేలు, జ్వరము వచ్చినను, మిత్రుని పెండ్లి వచ్చినను దానిలోనే. ఈ లెక్కను వాడు నాకు ఏకరువు పెట్టినప్పుడు వాని గొంతులో దైన్యము లేదు. పద్దులు చదువు మాస్టారి గొంతే నాకు వినబడినది. ‘ఈ కాలపు పిల్లలు దుబారా మనుషులు’ అని మనము అరుగులమీద కూర్చుండి పలుకు మాట ఎంత అన్యాయమో ఆ సాయంకాలము నాకు తెలిసినది.

వీరి గృహనిర్వహణ పాటవమును గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. హాస్టలు భోజనము పడనివారు నలుగురు కలసి రెండు పడకగదుల ఫ్లాటు తీసికొందురు. కరెంటు కుక్కరులో అన్నము వండుకొని, కూరలు మాత్రము వీధిచివర కర్రీపాయింటు నుండి తెచ్చుకొందురు. మూతి ముడివేసిన సంచులలో పప్పు, వేపుడు, సాంబారు వేరువేరుగ వచ్చును. ఇంటినుండి వచ్చిన గోంగూర పచ్చడి సీసా నలుగురి ఉమ్మడి ఆస్తి. అంట్లవంతు ఎవరిదో రిఫ్రిజిరేటరు తలుపుమీద వ్రాసియుండును. చౌక అద్దెకై ఉప్పలు దాటి కాపురముండి, ఉదయము రెండు బస్సులు, ఒక మెట్రో మారి, అద్దెలో మిగిల్చిన రూపాయలను కాలముగ చెల్లించువారు కొందరు. అశోక్‌నగరులో పోటీపరీక్షలకు కూర్చున్నవారు పగలంతయు చిక్కడపల్లి గ్రంథాలయమునందే గడిపి, గదిని నిద్రకు మాత్రమే వాడుకొందురు. బెంగుళూరు పోయినవాని కష్టము మరియొక తీరు. అచ్చట ఇంటి అడ్వాన్సు పదినెలల అద్దె యనుట చిరకాలపు ఆచారము. మొదటి జీతము కంటబడకముందే పదినెలల అద్దె పోగుచేయవలసి వచ్చిన పిల్లవాడు తండ్రి నడుగును. తండ్రి ఊరిలో వడ్డీకి తెచ్చును. అది చేతకానివాడు మారతహళ్ళిలో మనవారు నడుపు పీజీలో, పప్పు, ఆవకాయ దొరకినవి గదా యని తృప్తిపడి, ఒక మంచముతో సరిపెట్టుకొనును.

ఫ్లాటు తీసికొందురని సులువుగ అంటిని. తీసికొనుట అంత సులువు కాదు. మా మనుమడు, వాని మిత్రులు ఇండ్లు వెదకుచు తిరిగిన ఆదివారముల వృత్తాంతము వినదగినది. గేటు తెరువకమునుపే “ఫ్యామిలీయేనా బాబూ?” అని ప్రశ్న. కాదనినచో అచ్చటితో సరి. కొంచెము దయగలవారు లోనికి పిలిచి మంచినీళ్ళిచ్చి, ఊరడిగి, ఇంటిపేరడిగి, దానితో తేలకున్న “మీరేమిట్లు?” అని నేరుగనే యడుగుదురు. మాంసము తిందురా యని మరియొక ప్రశ్న. మతము వేరైన పిల్లవాని విషయమున ప్రశ్నకూడ నుండదు. ‘ఇప్పుడే ఎవరికో ఇచ్చేశాం’ అను జవాబే యుండును. ఒంటరి యువతికి ప్రశ్నలన్నియు రెట్టింపు. వచ్చు వేళ, పోవు వేళ, వచ్చిపోవువారు, అన్నియు కౌలుపత్రములోని నిబంధనలవలె వినిపింతురు. నాకీ సందర్భమున తోచిన మాటను దాచుకొనక చెప్పెదను. వారముల కాలమున తలుపు కడ కులము నడిగిరి, పిమ్మట అన్నము పెట్టిరి. మనము అన్నము పెట్టుట మానితిమి. అడుగుట మాత్రము మానలేదు. ధర్మము పోయి అందలి దోష మొక్కటియే మనకు వారసత్వముగ మిగిలినది.

ఈ మాటను ఎవరినో వేలెత్తి చూపుచు చెప్పుచున్నానని తలపకుడు. నా యింటి మీది వాటా ఈ మూడునెలలుగ ఖాళీ. గేటుకు వ్రేలాడు నల్లపలకమీద ‘టులెట్’ అనియు, దాని క్రింద ‘ఫ్యామిలీకి మాత్రమే’ అనియు సుద్దముక్కతో వ్రాసినది నేనే. మాస్టారి గదిలో మూడేండ్లు ఊరక నిద్రించిన చేయియే ఆ పంక్తిని వ్రాసినది. నీళ్ళబిల్లు, రాత్రిళ్ళు అలికిడి, పొరుగువారి మాట, ఇట్లు కారణములు నాకును ఉన్నవి. ప్రతి యింటి యజమానికిని ఉండును.

ఇంటివారి పక్షమున చెప్పవలసినదియు కొంత కలదు. మన నగరములలో అద్దె కిచ్చువారందరును కోటీశ్వరులు కారు. పదవీవిరమణ సొమ్ముతో మీద రెండు గదులు వేసికొని, ఆ అద్దెనే పింఛనుగ భావించి బ్రదుకు వృద్ధదంపతులు వేలకొలది. కౌలుదారు కదలనన్నచో న్యాయస్థానములో ఏండ్లు గడచునను భయము వారిది. సంవత్సరము మించిన కౌలును రిజిస్టరు చేయింపవలెనని 1908వ నాటి చట్టము చెప్పుటచేతనే దేశమంతట పదునొకండు నెలల ఒప్పందము ఆనవాయితీయైనది. ఆ భయమే కొన్ని యిండ్లకు తాళము వేయించును. 2011వ జనాభాలెక్కలలో మనదేశపు పట్టణములలో కోటికి పైగా ఇండ్లు ఖాళీగనున్నట్లు తేలినది. ఒకవైపున మనిషికి మంచము కరవు, మరియొకవైపున తాళము పడిన గదులు!

ఐనను అద్దె పెరుగుదలకు మూలము యజమాని దురాశలోనో, అద్దెకున్నవాని దుబారాలోనో వెదకుట పైపైని చూచుటయే. 1817వ సంవత్సరమున రికార్డో పండితుడు వివరించినట్లును, 1879వ సంవత్సరమున హెన్రీ జార్జి మరల ఎలుగెత్తి చాటినట్లును, భూమికి వచ్చు రాబడి భూస్వామి శ్రమ ననుసరించి పెరుగదు. దాని చుట్టును చేరిన జనుల శ్రమ ననుసరించి పెరుగును. మాదాపూరు గుట్టకు విలువ యెట్లు వచ్చెను? ప్రభుత్వము వేసిన బాట, ప్రజల పన్నుతో వచ్చిన నీరు, అన్నిటిని మించి, లక్షలాది యువకులు అచ్చటికి వచ్చి చేయు పని. అనగా, తన రాకచేతనే పెరిగిన విలువను ఆ పిల్లవాడు అద్దెరూపమున నెలనెల మరల కొనుక్కొనుచున్నాడు. బావి త్రవ్వినవానికే బిందెకింత యని నీళ్ళమ్ముట వంటిది ఈ వ్యవహారము.

చట్టము ఏమి చేసినది? బొంబాయిలో 1947వ నాటి అద్దె నియంత్రణ చట్టము అద్దెలను 1940వ నాటి స్థాయికి కట్టివైచెను. అప్పటికే లోపలనున్నవారికి అది అభయహస్తము. తరువాత వచ్చినవారికి మూసిన తలుపు. అద్దె చాలక యజమానులు మరమ్మతులు మానిరి. ‘పగడీ’ పేర చాటుమాటు సొమ్ములు చేతులు మారినవి. మన ఉమ్మడి రాష్ట్రమున 1960వ నాటి చట్టముండెను. 2005వ సంవత్సరమున దానిని సవరించి, కార్పొరేషను నగరములలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెగల భవనములను దాని పరిధినుండి తొలగించిరి. మా మనుమని ఒక్క మంచపు బాడుగ దానికి రెండున్నర రెట్లు! పైగా, హాస్టలులో నుండువాడు చట్టము కంటికి సాధారణముగ కౌలుదారే కాడు. 1882వ నాటి చట్టపు పరిభాషలో అనుమతి పొందినవాడు, అనగా లైసెన్సీ. అనుమతి యిచ్చినవాడు దానిని ఉపసంహరించిన, ఆతడు పెట్టె సర్దుకొనవలసినదే.

ఈ పదభేదము వట్టి వకీళ్ళ వాదమని తలచువారు 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. కరోనా వ్యాధి కారణముగ దేశమంతట ఇల్లు కదలరాదని ఆజ్ఞ వెలువడిన మరునాడది. ఇల్లు కదలరాదన్న ఆజ్ఞ ఇల్లున్నవానికి. హాస్టళ్ళు మూతబడుచుండగా అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్ ప్రాంతముల యువతీయువకులు అనుమతిపత్రములకై పోలీసుస్టేషన్ల ముందు బారులు తీరిరి. వాహనములు పట్టుకొని బయలుదేరినవారు గరికపాడు కడ రాష్ట్రపు సరిహద్దులో ముందునకు పోలేక, వెనుకకు రాలేక నిలిచిపోయిరి. ఖాళీ చేయింపరాదని ప్రభుత్వము హాస్టళ్ళను పిదప ఆదేశించినది. కాని పగలెల్ల తమచేత పని చేయించుకొన్న నగరములో తమకు రాత్రిపూట ఏ హక్కును లేదని ఆ పిల్లలకు ఒక్కదినమున బోధపడినది.

నగరము ఈ బాధ్యతను వహింపలేదా? వియన్నా నగరపాలకులు 1923వ సంవత్సరమున గృహనిర్మాణమునకై ప్రత్యేకముగ ఒక పన్ను విధించి, విలాసభవనములవారి నుండి హెచ్చుగ రాబట్టి, పదియేండ్లలో వేలాది కార్మికగృహములు కట్టించిరి. నేటికిని ఆ నగరమున సగముమంది పురపాలకసంఘపు ఇండ్లలోనో, ప్రజాధనపు తోడ్పాటుతో కట్టిన ఇండ్లలోనో కాపురముందురు. మనదేశమున ఉద్యోగినుల వసతిగృహములకు కేంద్రప్రభుత్వ సహాయము 1972-73 నుండి ఉన్నది. అడ్వాన్సు రెండునెలల అద్దె మించరాదని 2021వ నాటి నమూనా అద్దెచట్టము సూచించినది. సూచన సూచనగనే యుండక రాష్ట్రములు దానిని అమలుపరుపవలెను. హాస్టలులోని మంచమునకును రశీదు, నెల నోటీసు, మనిషికింత చోటను నియమము ఉండవలెను. ఉద్యోగస్థానములకు దగ్గరనున్న ప్రభుత్వభూమిని వేలము వేయునప్పుడెల్ల అందు కొంతభాగము యువజన వసతికై విడువవలెను.

ఇది కలలోని మాట కాదనుటకు ఈ నగరమునందే దృష్టాంతము కలదు. 2014వ సంవత్సరము నుండి నగరపాలకసంస్థ అయిదురూపాయలకు భోజనము పెట్టించుచున్నది. మధ్యాహ్నవేళ ఆ భోజనకేంద్రము ముందు కూలివాడు, పరీక్షార్థి, ఆటోవాడు, రోగికి తోడువచ్చిన పల్లెటూరివాడు ఒక్క వరుసలో నిలువబడుదురు. అందెవరును ‘మీరేమిట్లు’ అని యడుగరు. గుమ్మము కడ చేతులు నలుపుకొనుచు నిలువబడవలసిన పనియు లేదు. మాస్టారి కాలపు వారమే ఇది. దానినుండి కులమును, దయాదాక్షిణ్యములను కడిగివేసి, ఊరి విధి యను సారమును మాత్రము నిలుపుకొన్నది. అన్నము విషయమున ఇది సాధ్యమైనప్పుడు నిద్ర విషయమున కాకపోవుటకు నాకు కారణము కనబడదు.

మాస్టారు ఈ ఉపన్యాసము విన్నచో, వియన్నా దాక పోయివచ్చినందులకు సంతోషింతురో లేదో గాని, ‘మరి మీ యింటిమీది వాటా మాటేమిట్రా?’ అని తప్పక అడిగెడివారు. ఆ పలక నేనిచ్చటికి బయలుదేరునప్పుడును గేటుకు వ్రేలాడుచునే యున్నది. చట్టములు మారుటకు ఏండ్లు పట్టును. నేను వ్రాసిన రెండవ పంక్తి సుద్దముక్కతో వ్రాసినది; ఇంటికి పోయిన తోడనే దానికి తడిగుడ్డ చాలును.